వీధిలో ఒకాయన తుపాకీ అమ్ముతానంటే...

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటున్నాం. నాకు గ్రీన్‌కార్డు ఉంది. మా వీధిలో ఒకాయన తన పిస్టల్ అమ్మేస్తానంటున్నారు. కాగితాలేవీ అక్కర్లేదు, డబ్బిచ్చి తీసుకెళ్లమంటున్నారు. మా ఇంట్లోనే ఉండి ఎమ్మెస్ చదువుతున్న తమ్ముడు కూడా ఒకటి కావాలంటున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: చట్టం అడ్డుచెప్పే నేరచరిత్ర వంటివేవీ లేకపోతే మీరు కొనవచ్చు. విద్యార్థి వీసా (ఎఫ్-1) మీద ఉంటే మీ తమ్ముడు కొనకూడదు. ముందు అతని సంగతే చెప్పాలి, ఎందుకంటే జైలు ప్రమాదం అక్కడే ఉంది.

ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరమే. తూటాలకూ అంతే. వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది గానీ, లాయర్‌ని అడగకుండా దాన్ని నమ్ముకోవద్దు. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఫ్లోరిడాలో చదువు ఆగిపోయి వీసా హోదా కోల్పోయిన ఒక విదేశీ విద్యార్థి షూటింగ్ రేంజ్‌లో తుపాకీ కాల్చినందుకే కేసు పడింది, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హోదా పోయిన సంగతి అతనికి తెలుసని ప్రభుత్వమే రుజువు చేయాలని 2019లో కోర్టు తేల్చింది. అలాంటివారు తుపాకీ పట్టుకోవచ్చని మాత్రం చెప్పలేదు.

తమ్ముడి కోసం మీ పేరున కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. అదీ 15 ఏళ్ల దాకా జైలుశిక్ష పడే నేరమే. పైగా తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవారిని కూడా దేశం నుంచి పంపేయవచ్చు. మీకోసం కొన్నా, తాళం వేసిన పెట్టెలో పెట్టి ఆ తాళం మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక కాగితాల విషయం. 1993 నాటి బ్రేడీ చట్టం ప్రకారం లైసెన్సున్న డీలర్ కొనేవారి నేరచరిత్ర తనిఖీ చేయించాలి. అందుకోసం ఎఫ్‌బీఐ నడిపే వ్యవస్థ 1998లో మొదలైంది. వ్యాపారం కాకుండా సొంత తుపాకీ అమ్ముకునే వ్యక్తికి ఫెడరల్ చట్టం ఈ బాధ్యత పెట్టలేదు. టెక్సస్ కూడా పెట్టలేదు. కాలిఫోర్నియా, కొలరాడో, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో మాత్రం ప్రైవేటు అమ్మకానికీ తనిఖీ తప్పనిసరి. అయితే కొనేవారు అనర్హులని తెలిసినా, అలా అనుమానించడానికి తగిన కారణం ఉన్నా, అమ్మినవారిది నేరమే. ఇండియా వెళ్లిపోతూ హెచ్-1బి స్నేహితుడికి తుపాకీ ఇచ్చేసి వెళ్లాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. వేరే రాష్ట్రం వారికి నేరుగా అమ్మనూ కూడదు.

ప్రైవేటు అమ్మకానికి తనిఖీ అక్కర్లేదనే ఈ వెసులుబాటు ప్రాణాలు తీసింది. 2019 ఆగస్టు 31న టెక్సస్‌లోని మిడ్‌ల్యాండ్, ఒడెస్సా ప్రాంతంలో ఏడుగురిని చంపిన వ్యక్తి అంతకుముందు తనిఖీలో తిరస్కరణకు గురైనవాడే. తర్వాత ప్రైవేటుగా రైఫిల్ కొన్నాడు. లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేసినందుకు అమ్మినవాడికి జైలుశిక్ష పడింది.

అందుకే టెక్సస్ అడగకపోయినా, మీరూ, అమ్మే ఆయనా కలిసి లైసెన్సున్న డీలర్ దగ్గరకు వెళ్లండి. కొంత రుసుము తీసుకుని ఆయన తనిఖీ చేయిస్తారు, ఫారం నింపించి రికార్డు ఉంచుతారు. రేపు ఆ పిస్టల్ మీద ఏ ప్రశ్న వచ్చినా, అది మీ చేతికి ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చూపడానికి అదే ఆధారం. అమ్మే ఆయన డీలర్ దగ్గరకు రానంటే, ఆ పిస్టల్ కొనకండి.