సైప్రస్ కణజాల వర్ధనం: తల్లి చెట్టు వయస్సు ప్రాధాన్యం

మధ్యధరా ప్రాంతపు సైప్రస్ వృక్షాలకు సెయిరిడియం కార్డినాలే అనే శిలీంధ్రం వలన కలిగే కాంకర్ తెగులు ప్రధాన శత్రువు. 1920వ దశకం చివర కాలిఫోర్నియాలో గుర్తించబడిన ఈ తెగులు 1951లో ఇటలీలోని ఫ్లోరెన్స్ పరిసరాలలో కనిపించింది. తెగులు సోకిన చోట బెరడు పగిలి జిగురు కారుతుంది. మచ్చ కాండాన్ని చుట్టివేస్తే పై భాగమంతా ఎండిపోతుంది. తెగులును తట్టుకొనే చెట్లను ఎంపిక చేసి ఇటలీ శాస్త్రవేత్తలు ‘బోల్గెరి’ వంటి క్లోన్‌లను రూపొందించారు.

సైప్రస్‌లో పరపరాగ సంపర్కం జరుగుతుంది. కనుక నిరోధక వృక్షపు విత్తనాల నుండి వచ్చిన మొక్కలన్నీ నిరోధకత కలిగి ఉండవు; శాఖీయ ప్రవర్ధనం తప్పనిసరి. అయితే చెట్టు ఆకృతి, నిరోధకత నిర్ధారణ అయ్యే నాటికి చెట్టు ముదురుతుంది, దాని కొమ్మలు వేర్లు తొడిగే శక్తి తగ్గుతుంది. అందువలన అంటుకట్టుట ఎక్కువగా వాడుకలో ఉన్నది. కణజాల వర్ధనంలోనూ అసలు అవరోధం ఇదే.

పద్ధతి:

1. ఎంపిక చేసిన చెట్టు కొమ్మను లేత వేరుమూలంపై అంటుకట్టి, కొత్తగా వచ్చిన చిగుళ్ళ కొనలను సేకరించాలి. పొలుసుల వంటి ఆకుల సందులలో సూక్ష్మజీవులు దాగి ఉంటాయి గనుక పారే నీటిలో బాగా కడిగి, 70 శాతం ఆల్కహాల్‌తోను, సోడియం హైపోక్లోరైట్‌తోను శుద్ధి చేసి, శుద్ధజలంతో మూడుసార్లు కడగాలి.

2. ఉదజని సూచిక 5.8 గల మాధ్యమాన్ని 121 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆటోక్లేవ్ చేయాలి. పిలకల వృద్ధికి సైటోకైనిన్‌ను తక్కువ మోతాదులో వాడాలి. మోతాదు మించితే పిలకలు నీరుపట్టి గాజువలె పెళుసవుతాయి. కాలస్ ద్వారా కాక గ్రీవపు మొగ్గల ద్వారా పిలకలను పొందితే జన్యు స్థిరత్వం ఎక్కువ.

3. పిలకలకు ఐ.బి.ఎ. వంటి ఆక్సిన్ అందించి, పిదప హార్మోను లేని మాధ్యమానికి మార్చి వేర్లు పుట్టించాలి.

4. వేరూనిన మొక్కలను నీరు నిలువని మిశ్రమంలో నాటి, గాలిలోని తేమను క్రమంగా తగ్గిస్తూ గట్టిపరచాలి.

ముగింపు: విత్తన మొలకల నుండి సాధించిన ఫలితాలను ముదురు చెట్లకు యథాతథంగా అన్వయించరాదు. ప్రయోగ నివేదికలో తల్లి చెట్టు వయస్సును, చిగురు తీసిన స్థానాన్ని తప్పక నమోదు చేయాలి. టేకు వంటి కలప వృక్షాలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. ఒకే క్లోన్‌తో తోటంతా నింపితే కొత్త తెగులు ఒక్కసారిగా తుడిచిపెట్టగలదు గనుక పలు క్లోన్‌లను కలిపి నాటుట శ్రేయస్కరం.