పసిబిడ్డను కోడలికి దూరంగా ఉంచాలా?

సమస్య: తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒక అత్తగారు రాశారు. రెండో కాన్పయిన పదో రోజు నుంచి కోడలికి నిద్ర లేదు. ఉయ్యాల్లో ఉన్నది తన పాప కాదని, ఎవరో మార్చేశారని ఒకటే గొడవ. ఆస్పత్రిలో చేరిస్తే బైపోలార్ జబ్బని చెప్పి మందులిచ్చారు. ఇప్పుడు పాపకు నాలుగో నెల, కోడలు చాలావరకు తేరుకుంది. "గాలి సోకిందంటుంది మా తోడికోడలు. పాలిచ్చే మనిషికి ఆ మందులేమిటంటారు వియ్యపురాలు. పాపను వాళ్లక్క ఇంటికి పంపేద్దామంటాడు మా అబ్బాయి. కోడలేమో బిడ్డను వదలనని ఏడుస్తోంది. ఏం చేయమంటారమ్మా?"

సలహా: పంపకండమ్మా.

ఇది గాలీ ధూళీ కాదు. కాన్పు తర్వాత ఇంత తీవ్రంగా మనసు అదుపు తప్పడం వెయ్యి మంది బాలింతల్లో ఒకరిద్దరికి జరుగుతుంది. చాలామందిలో మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. బైపోలార్ ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆస్పత్రిలో చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. బిడ్డకు ప్రమాదముందని డాక్టరు తేల్చి వేరుచేసినా, ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి మళ్లీ చూడాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009లోనే తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు ఐదు పడకలతో మొదలైంది. ఆస్పత్రిలోనే కలిపి ఉంచుతుంటే, ఇంట్లో తేరుకుంటున్న తల్లి ఒళ్లోంచి బిడ్డను తీసేయడం అన్యాయం.

అసలు సాయం కావలసింది రాత్రిపూట. నిద్ర చెడితే బైపోలార్ తిరగబెడుతుంది. పదింటికి పాలిచ్చాక ఆమెను వేరే గదిలో పడుకోనివ్వండి. ఒంటిగంటకు పాప లేస్తే మీ అబ్బాయి లేవాలి. పిండి ఉంచిన తల్లిపాలో, డబ్బా పాలో పట్టి, తడిబట్ట మార్చి జోకొట్టాలి. తండ్రికి చేతకాని పనులేం కావివి.

మందులు సొంతంగా ఆపొద్దు. పాలిస్తూ వాడదగినవి ఉన్నాయి. లిథియం లాంటివి పాలలోకి వెళ్తాయి కనుక డాక్టరునే అడగాలి.

పాప నిద్రపోతున్నా ఆమెకు నిద్ర పట్టకపోవడం, మాట వేగం పెరగడం, మళ్లీ అనుమానాలు మొదలవడం కనిపిస్తే డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ దాకా ఆగకండి. చచ్చిపోవాలనో, పాపకు హాని జరుగుతుందనో అంటే తల్లీపాపలను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఏం చేయాలో తోచకపోతే టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పెద్దపిల్ల అడిగితే "అమ్మకు జబ్బు చేసింది, మందులు వేసుకుంటోంది, నీ వల్ల రాలేదు" అని చెప్పండి. ఇంకొక బిడ్డ కోసం మాత్రం ఎవరూ తొందరపెట్టొద్దు. ఒకసారి ఇలా వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి మరో కాన్పులో తిరిగి వస్తుంది. ఆ నిర్ణయం కోడలిదీ మీ అబ్బాయిదీ. ఇద్దరూ కలిసి ముందే మానసిక వైద్యుడిని కలవాలి.