బొడ్డు పొంగు – పరీక్ష, నమోదు, రోగసంకేతం

పసిబిడ్డ ఏడ్చినప్పుడు బొడ్డు ఉబికి, ఏడుపు మానగానే లోపలికి పోవడం చాలా ఇళ్లలో చూసేదే. దీనినే ఆధునిక వైద్యులు అంబిలికల్ హెర్నియా అంటారు. బొడ్డుతాడు ఊడిన పిమ్మట అక్కడి వలయం పూర్తిగా మూసుకొనక, ఆ సందులో నుండి పేగు గాని కొవ్వుపొర గాని ముందుకు వస్తుంది. సుశ్రుతుడు శారీరస్థానంలో, వాతంచే ఉబ్బి నొప్పించే నాభిని ‘తుండి’ అన్నాడు. నాభినాళాన్ని సరిగా కోయనందున కలిగే వికారాలలో చరకుడు ‘ఉత్తుండిత’ను చెప్పాడు. ఈ పేర్లున్నవి గదా అని ప్రతి బొడ్డు ఉబ్బునూ ఒకే గాట కట్టరాదు. రోగాన్ని పరీక్షతోనే నిర్ణయించవలెను.

పరీక్షా విధానం

జడ్చర్లలో నా వద్దకు వచ్చిన రోగిని మొదట నిలబెట్టి, పిదప పడుకోబెట్టి చూస్తాను. దగ్గమంటాను. దగ్గినప్పుడు పొంగు వేలికి తగులుతుందా, మెల్లగా నొక్కితే లోపలికి పోతుందా, వలయం ఎన్ని సెంటీమీటర్లుంది అన్నవి ముఖ్యం. బొడ్డుకు పైన మధ్యరేఖలో వచ్చే పొంగు, పాత ఆపరేషన్ మచ్చ వద్ద వచ్చే పొంగు వేరు జాతివి. పెద్దలలో స్థూలకాయం, పలుమార్లు గర్భధారణ, జలోదరం, దీర్ఘకాలపు దగ్గు దీనికి దోహదం చేస్తాయి.

నమోదు ఎందుకు?

చీటీపై ‘బొడ్డు వాపు’ అని మాత్రమే వ్రాస్తే, తరువాత చూసే వైద్యునికి ఏమీ తెలియదు. ఎప్పటి నుండి ఉన్నది, వలయం కొలత, లోపలికి పోతున్నదా లేదా, నొప్పి, వాంతి, చర్మపు రంగు, పూర్వపు ఆపరేషన్లు – ఇవన్నీ తేదీతో సహా వ్రాయవలెను. పని కోసం ముంబై, పూణేలకు వలసపోయే పాలమూరు కుటుంబాలకు ఈ కాగితమే సాక్ష్యం.

ఈ వివరాలను బట్టే రోగసంకేతం నిర్ణయమవుతుంది. అంతర్జాతీయ వర్గీకరణ పదవ కూర్పులో బొడ్డు హెర్నియాకు కె 42 కేటాయించబడింది. పేగు అడ్డుపడితే కె 42.0, పేగు కుళ్లితే కె 42.1, ఆ రెండూ లేకుంటే కె 42.9. వైద్యుడు వ్రాయని దానిని సంకేతంలో చేర్చరాదు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైంది. అందులో కూడా చికిత్సలు సంకేతాల ద్వారానే గుర్తించబడతాయి. వైద్యబీమా పాలసీలు అనేకం హెర్నియాకు నిరీక్షణ కాలం విధిస్తాయి గనుక, పొంగు మొదలైన కాలాన్ని ఉన్నదున్నట్లు చెప్పించి వ్రాయించుకోవలెను. ఆయుర్వేద, సిద్ధ, యునాని వ్యాధినామాలకు సైతం పదకొండవ కూర్పులో ప్రత్యేక విభాగం 2024 జనవరి 10న ఢిల్లీలో విడుదలైంది.

గృహంలో పాటించవలసినవి

శిశువులలో అధికభాగం రెండు మూడేళ్లలో తమంతట తామే మూసుకొంటాయి. నాలుగైదేళ్లకు కూడా మిగిలితే శస్త్రవైద్యునికి చూపవలెను. రూపాయి బిళ్ల పెట్టి కట్టుకట్టడం తగదు. చర్మం ఒరిసి పుండు పడుతుంది. ఏ తైలమూ ఆ వలయాన్ని మూయదు. పెద్దలలో అది దానంతట మూసుకొనదు. మలబద్ధకం, దగ్గు తగ్గించుకోవలెను. రాత్రి గోరువెచ్చని నీటితో మూడు గ్రాముల త్రిఫలా చూర్ణం విరేచనం సాఫీగా అయ్యేందుకు మాత్రమే. గర్భిణులు వైద్యుని అడగక వాడరాదు.

పొంగు గట్టిపడి లోపలికి పోకున్నా, నొప్పి, వాంతులు కలిగినా, రంగు ఎర్రగా నల్లగా మారినా ఇంటి వైద్యం చేయరాదు. దానిని బలవంతంగా నొక్కక, రోగికి ఆహారం పెట్టక, పాత చీటీలతో వెంటనే శస్త్రచికిత్స వసతిగల ఆసుపత్రికి తీసుకుపోవలెను.