నలభై ఎనిమిదిలో మళ్లీ తెరచాప పోటీకా?

ప్రశ్న: నెల్లూరు జిల్లా వెంకటాచలం నుంచి రాసిన ఈ పాఠకుడికి 48 ఏళ్లు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఎంటర్‌ప్రైజ్ పడవ నడిపారు. ఇప్పుడు హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో జరిగే లేజర్ పడవల పోటీల్లో దిగాలని కోరిక. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటారు. పొద్దున్నే గంటసేపు నడుస్తారు. ఆ నడక సరిపోతుందా అని అడుగుతున్నారు.

జవాబు: సరిపోదు. అలాగని వయసు మించిపోయిందనీ కాదు. అర్జెంటీనాకు చెందిన సాంటియాగో లాంగే 2015లో క్యాన్సర్ వల్ల ఊపిరితిత్తిలో కొంత భాగం తీయించుకుని, మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో సెసిలియా కరాంజాతో కలిసి నాక్రా 17 పడవలో స్వర్ణం గెలిచారు. అప్పటికి ఆయనకు 54. ఆయన జీవితమంతా పడవ మీదే గడిపిన మనిషి అన్నది మాత్రం మరిచిపోకూడదు.

లేజర్‌ను ఇప్పుడు ఇల్కా అంటున్నారు. గాలికి పడవ ఒరిగినప్పుడు అంచున కూర్చుని, పాదాలు బెల్టు కింద దూర్చి, ఒంటిని నీళ్ల మీదికి వాల్చి ఆపాలి. దీన్నే హైకింగ్ అంటారు. తొడ కండరం కదలకుండా బిగుసుకుని ఉంటుంది కాబట్టి దానికి రక్తం సరిగా అందదు, బీపీ మాత్రం పైకి లేస్తుంది. నడకలో కండరం బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. ఈ బిగింపు అందులో అలవాటు కాదు. పైగా ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ తరిగిపోతుంది.

అందుకు మందు మన బడుల్లోనే ఉంది: గోడకుర్చీ! అప్పట్లో అది శిక్ష, ఇప్పుడు సాధన. అరనిమిషంతో మొదలుపెట్టి, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ మూడుసార్లు వేయాలి. ఊపిరి బిగపట్టకూడదు, బిగపడితే బీపీ ఇంకా ఎగబాకుతుంది. మోకాలిచిప్ప వెనక నొప్పి వస్తే అంత కిందికి కూర్చోకూడదు. నడుముకూ పొట్టకూ బలమిచ్చే వ్యాయామాలూ కావాలి, ఎందుకంటే ఈ ఆటలో మోకాలితో పాటు నడుమూ ఎక్కువగా దెబ్బతింటుంది.

ముందు బీపీ 140/90 లోపు నిలకడగా ఉండాలి. 160/100 దాటుతుంటే గోడకుర్చీ కూడా వాయిదా. ఈసీజీ, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో గుండె డాక్టరు చెబుతారు. అటెనొలాల్ లాంటి మాత్ర వాడేవారికి నాడి వేగం అంతగా పెరగదు గనుక చేతి గడియారం చూపే అంకెను నమ్మి శ్రమను కొలవలేరు.

పాఠకుడు రాయని సంగతి ఒకటుంది. బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంటే చాలావరకు అందులో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది. నెల్లూరు ఎండలో కృష్ణపట్నం వైపు రెండు గంటలు సాధన చేస్తే చెమటతో పాటు ఇదీ నీటిని లాగేసి కళ్లు తిరుగుతాయి. మాత్ర మానేయడం పరిష్కారం కాదు. వేసుకునే వేళ, మోతాదు గురించి డాక్టరును అడగాలి.

ఇక పోటీ సంగతి. ఇల్కా మాస్టర్స్‌లో 45 నుంచి 54 ఏళ్ల వారికి విడిగా విభాగం ఉంది. పెద్ద తెరచాప వైశాల్యం 7.06 చదరపు మీటర్లు, ఇల్కా 6 రకానిది 5.76. మొదటి ఏడాది చిన్నదే మేలు, తొడలకు పడే భారం తగ్గుతుంది. లైఫ్‌జాకెట్ లేకుండా, ఒడ్డున మనిషి లేకుండా నీళ్లలోకి దిగరాదు. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి అనిపిస్తే తెరచాప వదిలేసి సహాయ పడవను పిలవాలి, ఆ రౌండ్ పూర్తి చేద్దామని చూడకూడదు.