విత్తును బట్టి మొక్క

ఒక పనిముట్టు చేతికి వచ్చినప్పుడు, ఇది ఏమి చేయునని మనము అడుగుదుము. దీనిని చేసినవారికి రాబడి ఎక్కడనుండి వచ్చుచున్నదని అడుగుట అరుదు. అయితే ఈ రెండవ ప్రశ్నకు జవాబు దొరికిననే గాని మొదటిదానికి పూర్తి జవాబు దొరకదు. విత్తొకటి నాటి వేరొక చెట్టును కోరలేము గదా! మనలో అనేకులు దినదినము వాడుకొను వాట్సాప్‌ను దృష్టాంతముగా తీసికొని ఈ సంగతి విచారింతము.

1. మొదటి ఉద్దేశము. జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ అనువారు యాహూ సంస్థలో పనిచేసి, ప్రకటనల వ్యాపారమును దగ్గరనుండి చూచినవారు. 2009లో ఆరంభమైన వాట్సాప్‌లో ప్రకటనలు ఉండరాదని వారు తలంచిరి. 2012లో అందుకు కారణములు బహిరంగముగా వ్రాసిరి. మొదటి ఏడు ఉచితము, పిమ్మట ఏటికి ఒక డాలరు అను పద్ధతి పెట్టిరి. సొమ్మిచ్చువాడు వాడుకొనువాడే గనుక, అతని వయస్సు, ఇష్టాయిష్టములు వారికి అక్కరలేకపోయెను. ఫోను నంబరును, అందులోని పరిచయస్థుల నంబర్లును చాలెను.

2. మారిన యజమాని. ప్రకటనలు వద్దన్నవారే 2014లో దానిని ఫేస్‌బుక్‌కు సుమారు 1,900 కోట్ల డాలర్లకు అమ్మిరి. ఫేస్‌బుక్ రాబడిలో అత్యధిక భాగము ప్రకటనలదే. 2016 జనవరిలో ఆ డాలరు రుసుము తీసివేయబడెను. అదే ఏట ఆగస్టులో, ఫోను నంబరు మొదలైన వివరములు ఫేస్‌బుక్‌తో పంచుకొను నిబంధన వచ్చెను. ఆక్టన్ 2017లో వెళ్లిపోయెను; కూమ్ 2018లో వెళ్లిపోయెను. స్టేటస్ కనబడు చోట ప్రకటనలు వచ్చునని 2025లో సంస్థ తెలియజేసెను. రుసుము పోయినంతమాత్రమున ఖర్చు పోలేదు, చెల్లించువాడు మారెను.

3. ఒకే తాళము, రెండు ఇండ్లు. 2018లో ఆక్టన్ 5 కోట్ల డాలర్లిచ్చి, లాభాపేక్షలేని సిగ్నల్ ఫౌండేషన్ స్థాపనకు తోడ్పడెను. వాట్సాప్ సందేశములను కాపాడు రహస్య పద్ధతి సిగ్నల్‌వారు రూపొందించినదే. తాళము ఒకటే, ఇండ్లు వేరు. సిగ్నల్ విరాళములతో నడచును. ప్రకటనలు లేవు గనుక మన వివరములు కూడబెట్టుటలో దానికి లాభములేదు. 2016లో అమెరికాలో ఒక న్యాయవిచారణకై వివరములు కోరగా, ఖాతా తెరచిన సమయమును, చివరిసారి వాడిన దినమును తప్ప సిగ్నల్ నిర్వాహకులు మరేమియు ఇయ్యలేకపోయిరి. దాచినది లేదు గనుక ఇచ్చుటకు లేదు.

4. న్యాయముగా చూడవలెను. వ్యాపారమే తప్పని మనము చెప్పరాదు. ఉచితమైనందున వాట్సాప్ బీదల చేతికిని అందినది. దూరదేశమందున్న బిడ్డతో తల్లి పైసా అదనపు ఖర్చులేక మాటలాడగలుగుచున్నది. ప్రకటనలు పెట్టుచున్నను, ఆంతరంగిక సందేశములకున్న తాళమును సంస్థ తీసివేయలేదు. విరాళముమీద నడచుదానికిని భయమున్నది. నూనె పోయువారు లేనియెడల దీపము ఆరును. రుసుముతో నడచునది చెల్లింపలేనివానిని వెలుపల నిలుపును. ప్రకటనలతో నడచునది మన చూపును వీలైనంతసేపు పట్టి ఉంచగోరును. ప్రతి రాబడియు ఒక వైపునకు లాగుచునేయుండును. స్థాపకుల మంచి మనస్సు ఆ లాగుడును కొంతకాలము ఆపగలదు గాని, యజమాని మారిన దినమున అది చాలదు.

కాబట్టి ఉచితమని వచ్చినదానికి మన ఇంట ఎవరు, దేనితో చెల్లించుచున్నారో చూచుకొందము. ఒక్కొక్కప్పుడు ఆ వెల మన పిల్లల సాయంకాలమే.

ఆలోచించుటకు ప్రశ్నలు:
(అ) మనము ప్రతిదినము వాడు పనిముట్లలో దేనికి ఎవరు సొమ్ము చెల్లించుచున్నారు?
(ఆ) వాటిలో ఏది పని ముగియగానే మనలను విడిచిపెట్టును? ఏది పట్టి ఉంచును?
(ఇ) మనకు మేలుచేయుచున్నదానికి కొంచెము సొమ్మిచ్చుటకు మనము సిద్ధముగా ఉన్నామా?