కంప్యూటరుతో మోటారును నడుపుట

పూర్వము మన వెంకటగిరికోట ప్రాంతమున కపిల తోలువాడు పగ్గమును మాత్రమే కదపుచుండెను. నీటిని పైకి లాగు బలము ఎద్దులది. కంప్యూటరుతో మోటారును నడుపుటయు నిట్టిదే. ఆజ్ఞ కంప్యూటరుది, బలము వేఱొక విద్యుత్తుది.

ఈ సంగతి మఱచి మేము మొదట ఒక ప్రాత కంప్యూటరు ప్రింటరు పోర్టునకు స్టెప్పరు మోటారును సరాసరి తగిలించితిమి. మోటారు కదలలేదు, పోర్టు చెడిపోయెను. ఆ పోర్టున 8 సంకేతపు తీగలు గలవు గాని, ఒక్కొక్కటి కొద్ది మిల్లీఆంపియర్లను మాత్రమే ఈయగలదు. 28బీవైజే-48 అను మా చిన్న మోటారు చుట్ట నిరోధము సుమారు 50 ఓములు. 5 వోల్టులను 50చే భాగింపగా 100 మిల్లీఆంపియర్లు కావలెనని తేలును. ఏటేట నల్లబల్లపై వ్రాయు ఈ లెక్కను ఆ దినమున మేమే చేయమైతిమి.

పిమ్మట మఱియొక ప్రాత కంప్యూటరు తెచ్చి, నడుమ యూఎల్ఎన్2003 చిప్పు గల కార్డును అమర్చితిమి. దాని వెల స్వల్పము. అందలి 7 మార్గములలో నొక్కొక్కటి 500 మిల్లీఆంపియర్ల వఱకు ఓర్చును. దాని 9వ కాలిని మోటారు సప్లై ధనధ్రువమునకు కలిపినచో, చుట్ట ఆఱినపుడు ఎదురుకొట్టు వోల్టేజిని లోపలి డయోడులు అణచును. మోటారునకు వేఱుగా 5 వోల్టుల సప్లై ఈయవలెను. దాని ఋణధ్రువమును, 8వ కాలిని, కంప్యూటరు గ్రౌండును కలుపుట మఱవరాదు.

మొదటి నాలుగు సంకేతపు తీగలను చిప్పునకు కలిపి 1, 2, 4, 8 అను అంకెలను కొంచెము వ్యవధితో వరుసగా పంపుచుండినచో మోటారు ముందునకును, 8, 4, 2, 1 అని పంపినచో వెనుకకును తిరుగును. ఇరుసు ఒక చుట్టు తిరుగుటకు సుమారు 2048 అడుగులు పట్టును.

విద్యార్థులారా, తీగ తగిలించుటకు ముందు భాగహారము చేయుడు.