మైదానంలోకి వచ్చిన విశ్వవిద్యాలయం

2022 సెప్టెంబరు 4న పుణే నగరంలో జరిగిన అల్టిమేట్ ఖో-ఖో మొదటి పోటీల తుది ఆట మన జిల్లాల తెలుగువారిని ఒక చిత్రమైన సంకటంలో పడవేసింది. ఒకవైపు ఒడిశా జగ్గర్‌నాట్స్, మరొకవైపు తెలుగు యోధాస్. ఉన్న ఊరు ఒక జట్టుది, మాట్లాడే భాష మరొక జట్టుది. చివరకు ఒడిశా 46, తెలుగు 45. తెల్లవారితే ఎవరి పని వారిదే. అయినా ఆ ఒక్క పాయింటు కొందరికి నిద్ర పట్టనివ్వదు. వృత్తి క్రీడాసంఘాలకు సామాన్యుల మనస్సులపై ఇంతటి పట్టు ఉంది. దానిని టిక్కెట్ల విక్రయానికీ, వాణిజ్య ప్రకటనలకూ వాడుకోవడం లోకరీతి. అదే పట్టును ఒక విశ్వవిద్యాలయం ప్రజల ఆరోగ్యానికి వినియోగించగలదా అన్నది ఈ పాఠంలో పరిశీలించే విషయం.

ఇందుకు లోకంలో బాగా పరీక్షకు నిలిచిన ఉదాహరణ స్కాట్లండ్ దేశానిది. అక్కడ నడివయస్సు పురుషులలో స్థూలకాయం పెద్ద సమస్య. బరువు తగ్గించే తరగతులు పెడితే స్త్రీలు వచ్చేవారు, పురుషులు వచ్చేవారు కారు. వైద్యుని సలహా వినని ఆ మనిషే శనివారం వచ్చేసరికి తన ఫుట్‌బాల్ జట్టు కోసం వానలో నిలబడేవాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సంగతిని గ్రహించి, స్కాట్లండ్‌లోని అగ్రశ్రేణి ఫుట్‌బాల్ క్లబ్బులతో కలిసి ‘ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఇన్ ట్రైనింగ్’ అనే కార్యక్రమాన్ని రూపొందించారు. వారానికొకమారు చొప్పున 12 వారాల శిక్షణ. పాఠం చెప్పినవారు వైద్యులు కారు, క్లబ్బు శిక్షకులే. చెప్పిన చోటు ఆసుపత్రి కాదు, తాము ఆరాధించే జట్టు సొంత మైదానమే. అడుగులు లెక్కించే చిన్న పరికరం పెట్టుకొని నడవడం, తిండిలో మార్పులు, తోటి అభిమానులతో హాస్యాలాడుకుంటూ వ్యాయామం. ఇంతకు మించి అందులో ఆడంబరమేమీ లేదు.

ఇక్కడే విశ్వవిద్యాలయం పాత్రను జాగ్రత్తగా గమనించాలి. 35 నుండి 65 ఏళ్ళ వయస్సు గల, బి.ఎం.ఐ. అనే ఎత్తు-బరువుల సూచిక 28 లేదా అంతకు మించిన 747 మందిని 13 క్లబ్బుల నుండి తీసుకొన్నారు. వారిని చీటీలు తీసినట్లు రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి శిక్షణ వెంటనే మొదలైంది. రెండవ వర్గానికి ఏడాది తరువాత అదే శిక్షణ ఇస్తామని మాట ఇచ్చారు. ఏడాది గడిచాక తూచి చూస్తే, మొదటి వర్గం రెండవదానికంటె సగటున 4.94 కిలోలు అదనంగా తగ్గింది. ఈ ఫలితం 2014లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురితమైంది. రెండవ వర్గమే లేకపోతే, తగ్గిన బరువు శిక్షణ వల్ల తగ్గిందో, ఊరకే తగ్గిందో ఎవరూ చెప్పలేరు. జనాన్ని రప్పించడం క్లబ్బు చేసిన పని. జరిగిన మేలు నిజమో కాదో తేల్చడం విశ్వవిద్యాలయం చేసిన పని. ఈ రెండింటిలో ఏది లోపించినా మిగిలేది ఉత్సవమో, నివేదికో మాత్రమే.

తరువాత ఈ పద్ధతి దేశాలు దాటింది. కెనడాలో వెస్టర్న్ విశ్వవిద్యాలయం దీనిని హాకీ అభిమానులకు అనువుగా మలచింది. అక్కడి హాకీ మంచు మీద ఆడేదే కావచ్చు. 2018లోను, 2023లోను హాకీ ప్రపంచ కప్పుకు ఆతిథ్యమిచ్చిన రాష్ట్రవాసులకు ఆ అభిమానం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో విద్యాసంస్థలకూ క్రీడలకూ చుట్టరికం లేకపోలేదు. హైదరాబాదులో శ్రీనిధి విద్యాసంస్థల యాజమాన్యమే శ్రీనిధి దక్కన్ ఫుట్‌బాల్ క్లబ్బును నడుపుతున్నది. 2022-23, 2023-24 ఐ-లీగ్ పోటీలలో అది రెండవ స్థానంలో నిలిచింది. భువనేశ్వర్‌లో ఆదివాసీ విద్యార్థుల కొరకు నెలకొన్న కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బాలుర రగ్బీ జట్టు 2007లో లండన్ వెళ్ళి అంతర్జాతీయ పోటీలో గెలిచి వచ్చింది. ఇవి కొనియాడదగినవే. కాని ఆటగాళ్ళను తయారు చేయడం ఒకటి, ఆట చూసేవారి బ్రతుకును బాగుచేయడం మరొకటి. మనం వెదుకుతున్నది రెండవది.

ఇక మన సంగతి. కొరాపుట్ జిల్లాలో సునాబెడ వద్ద 2009లో ఏర్పడిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. జయపురంలోని విక్రమదేవ్ కళాశాల ఇటీవలే విశ్వవిద్యాలయమైంది. ఆ పేరు గల మహారాజు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత అని మన పెద్దలు ఇప్పటికీ తలచుకొంటారు. రాయగడ జిల్లా గుణుపురంలో జి.ఐ.ఇ.టి. విశ్వవిద్యాలయం, కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉన్నాయి. కొలిచే చేతులకు కొదవ లేదు. వృత్తి క్రీడాసంఘాలు మాత్రం సుమారు 500 కిలోమీటర్ల దూరాన భువనేశ్వర్‌లో ఉన్నాయి.

స్కాట్లండ్ సమస్య కూడ మన సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 64.3 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను కడుపులో తిప్పుతుందని భయపడి పారవేసే బాలికలు ఉన్నారని ఉపాధ్యాయులు చెబుతూనే ఉంటారు. ఆ మాత్ర ఎందుకు వేసుకోవాలో కరపత్రం చెబితే వినని బాలిక, 2023-24 భారత మహిళా లీగ్ గెలిచిన ఒడిశా ఎఫ్.సి. జట్టు క్రీడాకారిణి బంతితో వచ్చి చెబితే వినవచ్చు. వింటుందని ముందే నమ్మనక్కరలేదు. కొన్ని పంచాయతీలలో ఈ ఏడు, తక్కినవాటిలో వచ్చే ఏడు కార్యక్రమం జరిపి, రెండు చోట్లా హిమోగ్లోబిన్ పరీక్షిస్తే సంగతి తేలుతుంది. అయితే కొడవలి కణ వ్యాధి మన ఆదివాసీ కుటుంబాలలో ఉన్నది కనుక, రక్తహీనతకు కారణం అన్ని చోట్లా ఇనుము లోపమే అనుకోరాదు. పరీక్ష రూపకల్పనలో వైద్య కళాశాల తప్పక ఉండాలి.

అనువాదకునిగా నాకు తోచే మాట మరొకటి. ఆరోగ్య సందేశాలు ఒడియాలోను, అప్పుడప్పుడు తెలుగులోను అచ్చవుతాయి. నియమగిరి వాలులలో వినిపించే కువి తెలుగుకు చుట్టరికం గల ద్రావిడ భాషే అయినా, తెలుగు కరపత్రం కువి మాట్లాడే తల్లికి అక్కరకు రాదు. సంతలో అందరినీ కలిపేది దేశియా. కార్యక్రమం ఈ భాషలలో నడవాలంటే స్థానిక విద్యార్థులే శిక్షకుల ప్రక్కన నిలవాలి. ఆ పని కూడ విశ్వవిద్యాలయానిదే.

క్లబ్బుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. నేటి ఒడిశా ఎఫ్.సి. 2019 వరకు ఢిల్లీ డైనమోస్. జట్టు ఊరు మారగలదు, పేరు మారగలదు, యజమాని తప్పుకోగలడు. విశ్వవిద్యాలయం ఎక్కడికీ పోదు. కనుక సేకరించిన వివరాల భద్రత, కుటుంబాల సమ్మతి పత్రాలు, రెండవ ఏడు పంచాయతీలకు ఇచ్చిన మాట, ఇవన్నీ విశ్వవిద్యాలయం బాధ్యతగానే వ్రాసుకోవాలి. ఇటువంటి ఒప్పందాన్ని ఒడియాలో ‘బుఝామణా పత్ర’ అంటారు, తెలుగులో అవగాహన పత్రం. రెండు మాటలలోను ఒకరినొకరు తెలుసుకోవడమనే అర్థమే ఉంది. సంతకాల నాటి ఛాయాచిత్రంలో అది కనిపించదు. అటువంటి పత్రం పురపాలక సంఘం ముందుకు వచ్చినప్పుడు వార్డు సభలో పౌరులు అడగవలసినవి మూడు: ఏ వాడలో, ఎవరికి, ఎన్ని వారాలు జరుగుతుంది, ఫలితాన్ని కొలిచేదెవరు, ఎప్పుడు, ఆ ఫలితం మంచిదైనా కాకపోయినా మన భాషలలో ఏ తేదీలోగా ప్రకటిస్తారు.